మండేరాయి మీద ముప్పై ఒక్క పెనాలు

ఈ వేసవిలో దేశంలోని అడవుల్లో ఒక్క మంట కూడా ఉండదని అడవుల మంత్రిగారు మే నెల మొదటి తారీఖున రాజధాని అంకారాలో ప్రకటించారు. ఉండకూడదు అనలేదు, ఉండదు అన్నారు. పాత మంత్రులంతా ఉండకూడదు అంటూ వచ్చారు కాబట్టే మంటలు పుట్టేవని, ఈ సంగతి కనుక్కోవడానికి నిపుణుల సంఘానికి మూడేళ్లు పట్టిందని టీవీలో వివరించారు.

తర్వాత ఆకాశంలో కన్ను గురించి చెప్పారు. అదొక ఉపగ్రహం. అడవిలో భోజనాల బల్ల మీద పరిచే గుడ్డంత మంట లేచినా చాలు, నాలుగు నిమిషాల్లో స్వయంగా మంత్రిగారి ఫోనే కూత పెడుతుంది. ఆ చోట కావలి ఉన్న మనిషిని రేడియోలో అడుగుతారు. అతను 'ఉంది' అన్నాడా, పన్నెండు నిమిషాల్లో హెలికాప్టర్ వచ్చి మూడు టన్నుల సముద్రపు నీళ్లు కుమ్మరించి పోతుంది. మధ్యలో ఏ అధికారి సంతకమూ అక్కర్లేదు.

కరాచామ్‌లో, కాఫీ కొట్టులో కూర్చుని టీ తాగుతున్న మేమంతా చప్పట్లు కొట్టాం. మాది చప్పట్లు బాగా కొట్టే ఊరు. దేనికి కొట్టామో తర్వాత తీరిగ్గా ఆలోచించుకుంటాం.

ఆలోచించినవాడు మా ఊరిపెద్ద, ముఖ్తారు సెఫెర్. గ్లాసు కింద పెట్టి, "మరి మన కొండో?" అన్నాడు.

మా ఊరి పైన యనార్తాష్ అని కొండ ఉంది. మండేరాయి. బండల సందుల్లోంచి ముప్పై ఒక్క చోట్ల మంట వస్తుంటుంది. ఎండకీ వానకీ ఆరదు. దాని కిందే పూర్వం కమ్మరి దేవుడికి కట్టిన గుడి రాళ్లు కూలి పడి ఉన్నాయి. పడవల మీద పోయేవాళ్లు రెండున్నర వేల ఏళ్లుగా ఈ మంటను గుర్తుపెట్టుకుని దారి చూసుకున్నారట. మేము మాత్రం దాన్నెప్పుడూ మంట కింద లెక్కపెట్టలేదు. పొద్దున లేస్తే ఎదురుగా ఉంటుంది, అంతే. సముద్రాన్ని చూసి ఎవరైనా అయ్యో తడి అంటారా?

ఈ ప్రకటన అందరికంటే ఎక్కువగా తగిలింది దురాలికి.

దురాలి నాలుగో నంబరు బురుజు కావలివాడు. ఆ బురుజు మండేరాయికి సరిగ్గా ఎదురు గుట్ట మీద ఉంది. పందొమ్మిది వేసవులుగా రెండు గంటలకోసారి రేడియో నొక్కి, "నాలుగు. మంట లేదు," అంటున్నాడు. మే నుంచి అక్టోబరు దాకా ఉద్యోగి. నవంబరు నుంచి ఎవరూ కాదు, నారింజలు కోసుకునే మనిషి. సీజను కూలీలకు అడవి శాఖవాళ్లు చలికోటు ఇవ్వరు. వాళ్లకు చలికాలం లేదని శాఖ నమ్మకం. పర్మనెంటు వాళ్లకు మాత్రం నీలం కోటు, ఛాతీ మీద దేవదారు చెట్టు గుర్తు, లోపల గొర్రె బొచ్చు. ఆ కోటు ఒకటి పట్నంలో కార్యాలయం గోడకు వేలాడుతుండగా దురాలి పదకొండేళ్ల కింద చూశాడు. ఇంటికొచ్చి భార్య జెలిహాతో, "లోపల బొచ్చు ఉంది," అన్నాడు. అప్పట్నుంచి ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఆమె కూడా మర్చిపోలేదు.

మంత్రిగారు ఆ రోజు చివర్లో ఇంకో మాట అన్నారు. ఏ బురుజు పరిధిలో సీజను మొత్తం సున్నా నమోదవుతుందో, ఆ బురుజు కావలివాణ్ణి పర్మనెంటు చేస్తారట.

దురాలి మామూలుగానే ఏమీ అనడు. మా వైపు 'లేదు', 'కాదు', 'వద్దు' అనడానికి తల ఊపం. కనుబొమలు పైకి ఎగరేస్తాం, అంతే, పని అయిపోతుంది. దురాలివి గొంగళిపురుగుల్లాంటి కనుబొమలు. అతను సగం సంసారం వాటితోనే నడిపాడు.

*

రెండో తారీఖున అంకారాలో గోడంత తెర మీద దేశపటం వెలిగించారు. దేశమంతా పచ్చగా ఉంది. దక్షిణాన, సముద్రం అంచున, ఒకే ఒక్క ఎర్ర చుక్క.

మూడో తారీఖున అడవి రేంజి అధికారి నెజ్దెత్ బే జీపులో వచ్చాడు. బే అంటే మా వైపు గారు. బురుజు మెట్లు ఎక్కి, ఊపిరి తీసుకుని, ఎదురు కొండ చూశాడు.

"దురాలీ, అదేంటి?"

"మండేరాయి, నెజ్దెత్ బే."

"మండుతోంది కదయ్యా."

"అవును."

"ఎప్పట్నుంచి?"

"మా తాత పుట్టక ముందు నుంచి."

"మరి పందొమ్మిదేళ్లుగా మంట లేదు, మంట లేదు అని చెప్తున్నావే."

"అది మంట అని ఎవరూ చెప్పలా," అన్నాడు దురాలి. "కొండనుకున్నా."

నెజ్దెత్ బే మంచి అధికారి. కోప్పడలేదు, ఫారం తీశాడు. అగ్నిప్రమాద నివేదికలో పదకొండు గళ్లున్నాయి. మొదటిది మంట మొదలైన తేదీ. దీనికి గుడి రాళ్ల దగ్గర తవ్వకాలు జరిపిస్తున్న ఫెరిదే మేడమ్‌ను పిలిపించారు. ఆమె విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన మనిషి. చేతిలో ఎప్పుడూ చిన్న కుంచె ఉంటుంది, దాంతో మాట్లాడేవాళ్ల భుజాల మీద దుమ్ము కూడా దులుపుతుంది.

"కనీసం రెండు వేల ఐదొందల ఏళ్లు," అంది ఆమె.

"నెల, తారీఖు?"

"తెలీదు."

"వేసవి అని రాస్తా," అన్నాడు నెజ్దెత్ బే. "కారణం? సిగరెట్టు, పశువుల కాపరి, పిడుగు, కరెంటు తీగ, విద్రోహం. వీటిలో ఏది?"

"అసలు కారణం భూమిలోంచి వచ్చే గ్యాసు. పాత కథ ప్రకారమైతే కిమెరా అనే జంతువు."

గ్యాసుకు గడి లేదు. "ఏం జంతువది?" అన్నాడు నెజ్దెత్ బే.

"ముందు సింహం, వెనక పాము. నడుమ మేక."

"మేకా?" నెజ్దెత్ బే ముఖం మొదటిసారి వెలిగింది. అడవిలో మేకలు మేపడం నేరం. మేకల మీద అతనికి పూర్తి అధికారాలున్నాయి. "సింహం, పాము నా పరిధిలోవి కావు మేడమ్. మేక మాత్రం నాదే. యజమాని ఎవరు?"

"యజమాని లేడండీ. దాన్ని చంపేశారు. రెక్కల గుర్రం మీద ఒక వీరుడు వచ్చి, ఈటె కొనకు సీసం ముద్ద గుచ్చి దాని నోట్లోకి తోశాడు. దాని ఊపిరికే సీసం కరిగి గొంతులో దిగి చచ్చింది. ఈ కొండ కింద పూడ్చారు. నోట్లోంచి వేడి మాత్రం ఇంకా వస్తోంది. అదీ కథ."

"అనుమతి తీసుకున్నారా?"

"దేనికి?"

"అటవీ భూమిలో కళేబరం పూడ్చడానికి."

ఫెరిదే మేడమ్ అతని భుజం దులిపి వెళ్లిపోయింది. ముఖ్తారు సెఫెర్ మాత్రం ఊరి తరఫున నిలబడ్డాడు. "బే, మధ్యలో మేక ఉన్నంత మాత్రాన మొత్తానికీ కేసు పెట్టకండి. మేక భాగానికే పెట్టండి. ఊరికి చెడ్డపేరు వస్తుంది," అన్నాడు.

అలా మేక భాగానికే నోటీసు వెళ్లింది. పదిహేను రోజుల్లోగా తమరు తమ మంటను ఆర్పుకోవలెను అని. గుడి గోడకు జిగురుతో అంటిస్తే ఫెరిదే మేడమ్ ఒప్పుకోలేదు కాబట్టి దారంతో వేలాడదీశారు. పదిహేను రోజుల్లో జవాబు రాలేదు. జవాబు ఇవ్వకపోతే నేరం ఒప్పుకున్నట్టేనని నియమం ఉంది. ఆ విధంగా రెండున్నర వేల ఏళ్ల చిక్కుముడిని మా రేంజి అధికారి రెండు వారాల్లో తేల్చాడు. మేము చప్పట్లు కొట్టాం.

మంట మాత్రం ఉంది.

నీళ్ల బండి తెచ్చి కొట్టారు. పావుగంటకు మళ్లీ లేచింది. ఇసుక పోశారు, నురగ కొట్టారు. నురగలోంచి ముప్పై ఒక్క నీలి నాలుకలు బయటికొచ్చాయి, సబ్బు నీళ్లలో పిల్లల్లాగా. పై నుంచి కబురొచ్చింది. మే నెల ప్రయోగ కాలం కాబట్టి లెక్కలోకి రాదు, జూన్ ఒకటి నుంచి మాత్రం ఎర్ర చుక్క కనబడకూడదు.

ఆ సాయంత్రం దురాలి భోజనం దగ్గర కూర్చుని ఉల్లిపాయను చూస్తూ ఉండిపోయాడు.

"ఏమయ్యా, కోటు పోయిందా?" అంది జెలిహా.

దురాలి కనుబొమలు ఎగరేశాడు. ఇంకా పోలేదని.

"మగాళ్లంతా కలిసి పొయ్యిని వానతో ఆర్పుతున్నారు," అంది ఆమె. "పొయ్యిని ఎట్లా ఆర్పుతారో ఒక్క ఆడదాన్నైనా అడిగారా?"

*

మా ఊరి ఆడవాళ్లకు మండేరాయి అణువణువూ తెలుసు. కొత్త కోడలు వచ్చిన మూడో రోజు కొండెక్కి, ఆ మంట మీద టీ కాచి అత్తకు ఇవ్వాలి. టీ చేదెక్కితే ఏడాది మాటలు పడుతుంది. అందుకని ఏ బెజ్జం మంట ఎంత పనికొస్తుందో తల్లులు కూతుళ్లకు చెప్పి పంపుతారు. పై వరసలో టీ మంటలు, కుడి వైపు వంకాయలు కాల్చే మంటలు, గుడి రాళ్లకు దగ్గరగా అన్నిటికంటే చిన్నది గుడ్డు మంట. మంట ఎందుకొస్తోందంటే ఫెరిదే మేడమ్‌కు ఒక కథ ఉంది. మా ఆడవాళ్ల కథ ఇంకా పొట్టిది. ఎవరో ఇల్లాలు పొయ్యి మీద గిన్నె పెట్టి మర్చిపోయింది.

జెలిహా చెప్పిన ఉపాయం ఇది. రొట్టెలు కాల్చే పెనం, మధ్యలో ఉబ్బుగా ఉండే ఇనప పెనం, బెజ్జం మీద బోర్లించి, చుట్టూ తడి బంకమట్టి మెత్తాలి. గాలి అందకపోతే ఏ మంటైనా చస్తుంది.

ముప్పై ఒక్క మంటలకు ముప్పై ఒక్క పెనాలు కావాలి. ముఖ్తారు సెఫెర్ కాఫీ కొట్టు ముందు కుర్చీ ఎక్కి, దేశానికి పెనం ఇవ్వండి అని ఉపన్యసించాడు. అతని ఇంటి పెనం మాత్రం చిల్లుపడిందన్నాడు. ఆడవాళ్లు ఇచ్చారు, కానీ ఒక షరతు పెట్టారు. సీజను అయిన మర్నాడు ఎవరి పెనం వాళ్లకు.

"మరి అప్పటిదాకా రొట్టె, వదినా?" అన్నాడు సెఫెర్.

"బజారు రొట్టె తిను," అంది జెలిహా. "దేశం కోసం."

జెలిహా పెనం ఆమె తల్లిది. అడుగున ఉలితో గీసిన మూడు గీతలు, ఒక చుక్క ఉన్నాయి. పూర్వం వాళ్ల మంద గొర్రెల చెవులకు వేసే గుర్తు. ఆ పెనాన్ని గుడ్డు మంట మీద తన చేత్తోనే బోర్లించి, మట్టి మెత్తి, "అమ్మా, కాస్త ఓర్చుకో," అంది. పెనంతోనో, మంటతోనో మాకు తెలియలేదు.

జూన్ ఒకటిన అంకారా తెర మీద దేశమంతా పచ్చగా వెలిగింది.

ఇక దురాలి సంగతి. మంట మొండిది. ఒక చోట మూస్తే పక్క పగులులోంచి తొంగి చూసేది. అందుకని తెల్లారకముందే కుండలో బంకమట్టి మోసుకుని కొండెక్కి, రోజంతా మెత్తుతూ ఉండేవాడు. అడవిని చూడాల్సిన బురుజు ఖాళీగా ఉండేది. చూసేవాడు లేని అడవిలో ఆ వేసవంతా ఒక్క అగ్గిరవ్వ కూడా పడకపోవడం కేవలం దేవుడి దయ. దాన్ని మంత్రిగారి పథకం ఖాతాలో వేశారు. రెండు గంటలకోసారి దురాలి కాలిన వేళ్లతో నడుముకున్న రేడియో నొక్కి, "నాలుగు. మంట లేదు," అనేవాడు. అనేటప్పుడు బూటుతో ఒక పగులును తొక్కి పట్టి ఉండేవాడు.

యాత్రికులు వచ్చేవారు. మంటల కోసం గంటసేపు కొండెక్కి, బోర్లా పడుకున్న పెనాలను చూసి నిలబడిపోయేవారు. ఇది రాక్షసి నిద్రపోయే కాలమని, ఇవి దాని కనురెప్పలని సెఫెర్ చెప్పేవాడు. ఎవరూ కాదనలేదు. జర్మనీ నుంచి వచ్చిన ఒకాయన ప్రతి పెనాన్నీ కొలిచి పుస్తకంలో రాసుకున్నాడు. ఆగస్టు వచ్చేసరికి ఆ కథ మాకే నమ్మకం కుదిరింది. పెనాల దగ్గర గట్టిగా మాట్లాడితే, "ష్, లేస్తుంది," అనుకునేవాళ్లం.

*

అక్టోబరులో నెజ్దెత్ బే మళ్లీ వచ్చాడు. ఈసారి జీపు కడిగించి వచ్చాడు.

"దురాలీ, అదృష్టవంతుడివయ్యా. దేశంలోకెల్లా ప్రమాదకరమైన చోట సున్నా సాధించావని మంత్రిగారు పొంగిపోయారు. సీజను ముగింపు ఉత్సవం ఇక్కడే. ముప్పై ఒకటో తారీఖు, పొద్దున పదకొండు గంటలకు. నీ ఆర్డరు అక్కడే నీ చేతికిస్తారు. కోటు కూడా."

దురాలి, "ఏ సైజు?" అన్నాడు.

"అన్నీ ఒకటే సైజు. ఇంకొక్క విషయం. సున్నా మంటల దివిటీని మంత్రిగారు ఈ ప్రాచీన జ్వాలతోనే వెలిగించి అంకారాకు పంపుతారు."

"జ్వాల లేదు కదా, బే. ఆర్పాం."

"ఎవరు ఆర్పమన్నారు?"

"మీరే."

"సున్నా కోసం ఆర్పమన్నా. ఇప్పుడు సున్నా ఉత్సవం కోసం వెలిగించమంటున్నా. రెండూ వేరు వేరు ఫైళ్లు."

అందరూ కొండ మీద చేరి ఆలోచించారు. గుడ్డు మంట అన్నిటికంటే చిన్నది, జానెడు. భోజనాల బల్ల గుడ్డ కంటే తక్కువ. కాబట్టి ఆకాశంలో కన్నుకు కనబడదు. ఆ ఒక్క పెనం తీసి, వెలిగించి, దివిటీ అంటించి, మళ్లీ మూసేద్దాం.

మట్టి కుండ ఎత్తుకుని పక్కన నిలబడ్డ జెలిహా, "మిగతా ముప్పై మూసిపెట్టి ఒక్కటి తీస్తే, అది గుడ్డు మంట కాదు, బే," అంది.

"మరేమిటక్కా?"

"ఐదు నెలల మంట."

నెజ్దెత్ బే ఆ మాట రాసుకున్నాడు. తర్వాత ఆ కాగితం మీద కుర్చీల లెక్క వేశాడు.

*

ముప్పై ఒకటో తారీఖు ఎండ బాగా కాసింది. కొండ మొదట్లో దురాలి పొద్దున ఏడింటి నుంచి నిలబడి, అడవిలోకి నిప్పు తేకూడదన్న నిషేధం ప్రకారం వచ్చిన ప్రతివాడి జేబూ తడిమి, లైటర్లు, అగ్గిపెట్టెలు గోనెసంచీలో వేయించుకున్నాడు. కార్యదర్శులవి, విలేకరులవి, బాకాలు ఊదేవాళ్లవి, ఎవరివీ వదల్లేదు. మంత్రిగారిని మాత్రం తడమలేదు. జనవరిలో ఆయన టీవీలో అందరి ముందూ సిగరెట్టు పెట్టెను తొక్కి పొగ మానేశారు కాబట్టి అవసరం లేకపోయింది.

గుడి రాళ్ల మధ్య తివాచీ పరిచారు. ఫెరిదే మేడమ్ తివాచీ కింద రాళ్లకు ఏమవుతుందోనని కుంచె పట్టుకుని వంగి వంగి చూస్తోంది. మంత్రిగారు గుడ్డు మంట ముందు నిలబడ్డారు. ఫొటోలో పడటానికి ఆయనకు కుడి పక్క నెజ్దెత్ బే, ఎడమ పక్క ముఖ్తారు సెఫెర్, వాళ్ల పక్కన ఇద్దరు కార్యదర్శులు, మొత్తం ఐదుగురు భుజాలు తోసుకుంటూ ముందుకు వంగారు. దురాలికి ఆ వరసలో చోటు దొరకలేదు. పది అడుగుల వెనక, రేడియో పట్టుకుని, కొత్త నీలం కోటు మడత పెట్టి ఉన్న కుర్చీ పక్కన నిలబడ్డాడు.

జెలిహా పెనం తీసింది. గ్యాసు బుస్సుమంటూ వస్తోంది. ఆమె పెనం చంకన పెట్టుకుని గబగబా చాలా దూరం నడిచి వెళ్లింది. ఎందుకంత దూరం పోతోందని ఎవరూ అడగలేదు.

"వెలిగించండి," అన్నారు మంత్రిగారు.

నెజ్దెత్ బే జేబు తడుముకున్నాడు. కార్యదర్శులు తడుముకున్నారు. లైటర్లన్నీ కొండ కింద గోనెసంచీలో ఉన్నాయి. మూడొందల మంది పెద్దమనుషుల్లో ఒక్కడి దగ్గరా అగ్గిపుల్ల లేదు. నిషేధం ఇంత పకడ్బందీగా అమలైనందుకు మంత్రిగారు నెజ్దెత్ బేను అభినందించారు. అభినందిస్తూనే కోటు లోపలి జేబులోంచి ఒక బంగారు రంగు లైటరు తీశారు.

"ఇది నాది కాదు," అని వివరించి, వంగి, నొక్కారు.

శబ్దం పెద్దగా రాలేదు. ఎద్దు ఒక్కసారి ఊపిరి వదిలినట్టు వచ్చింది. మంట నిలువెత్తు లేచి, అర క్షణం ఐదుగురి ముఖాలనూ తడిమి, నడుమెత్తుకు తగ్గి నిలబడింది. మిగతా ముప్పై పెనాలు ఒకసారి ఎగిరి మళ్లీ కూర్చున్నాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. బాకాలవాళ్లు అదే సైగ అనుకుని ఊదారు. మేము చప్పట్లు కొట్టాం.

మంత్రిగారు ధీరుడు. చలించలేదు. ముఖం తుడుచుకుని ఉపన్యాసం మొదలుపెట్టారు. "ఈ నేల మీద ఈనాడు ఒక్క మంట కూడా," అని ఆయన అంటుండగా, సరిగ్గా నాలుగో నిమిషాన, ఆయన ఫోను కూత పెట్టింది.

ఆ వెంటనే దురాలి చేతిలో రేడియో మాట్లాడింది. "నాలుగు, నాలుగు. మీ దగ్గర ఎర్ర చుక్క కనబడుతోంది. మంట ఉందా?"

మూడొందల మందీ విన్నారు.

దురాలి పక్కనున్న కోటు చూశాడు. గొర్రె బొచ్చు కాస్త బయటికి కనబడుతోంది. లేదంటే కోటు, ఉందంటే నారింజలు. ఇంతకు ముందు కూడా ఐదు నెలలు లేదనే చెప్పాడు. కానీ అప్పుడు పగులు బూటు కింద ఉండేది. ఇప్పుడు నడుమెత్తు మంట ఎదురుగా ఉంది, పక్కనే పెద్దలున్నారు. పెద్దలుండగా సొంతంగా జవాబివ్వడం అతనికి అలవాటు లేదు. మంత్రిగారి ముఖంలోకి చూశాడు. ఏం చెప్పమంటారు?

మంత్రిగారు తన శక్తినంతా కూడదీసుకుని కనుబొమలు ఎగరేశారు. లేదను, లేదను అని.

ఎగరడానికి అక్కడేమీ లేదు. నున్నటి నుదురు, మసి, రెండు గుండ్రటి కళ్లు. అంతే.

దురాలి నెజ్దెత్ బే వంక చూశాడు. అతనూ గట్టిగా కళ్లు పెద్దవి చేసి చూస్తున్నాడు. సెఫెర్‌ను చూశాడు. కార్యదర్శులను చూశాడు. ఐదు ముఖాలు గుడ్లలా నున్నగా, ఆశ్చర్యపోయినట్టుగా అతన్నే చూస్తున్నాయి. ఒక్కరూ కాదనడం లేదు.

"నాలుగు, మంట ఉందా లేదా?"

ఎవరూ కాదనలేదు కాబట్టి దురాలి రేడియో నొక్కాడు. "ఉంది," అన్నాడు.

హెలికాప్టర్ పన్నెండు నిమిషాలకు రావాల్సింది, పదకొండుకే వచ్చింది. పథకం అంత బాగా నడిచింది.

*

మూడు టన్నుల నీళ్లలో మూడు చేపలు కూడా ఉన్నాయి. వాటి సంగతి పత్రికలు రాయలేదు. దురాలి తడిసిన కోటును పిండి, మడత పెట్టి, అదే కుర్చీ మీద పెట్టి ఇంటికి నడిచాడు.

"పోయింది," అన్నాడు జెలిహాతో.

"నువ్వు ఉందన్నావటగా."

"వాళ్లు లేదనలా."

జెలిహా చాలాసేపు నవ్వింది. తర్వాత నారింజల బుట్ట దింపి అల్లిక చూసింది. రెండు చోట్ల విరిగి ఉంది. కూర్చుని బాగు చేయడం మొదలుపెట్టింది.

కాని మేము మంత్రిగారిని తక్కువ అంచనా వేశాం. మూడో రోజు పత్రికల్లో మొదటి పేజీ నిండా ఫొటో వచ్చింది. తడిసి ముద్దయిన మంత్రిగారు ఆరిన కొండ ముందు నిలబడి ఉన్నారు. కనుబొమలు చక్కగా, మునుపటికంటే ఒత్తుగా ఉన్నాయి. పత్రికవాళ్లు గీశారు. రెండున్నర వేల ఏళ్లుగా ఎవరివల్లా కాని మంటను మంత్రిగారు దగ్గరుండి పదకొండు నిమిషాల్లో ఆర్పించారని కింద రాశారు. ఆరిన మంటను మంటగా లెక్కించరు కాబట్టి సీజను సున్నాతోనే ముగిసింది. సకాలంలో కబురు అందించిన కావలివాడు దురాలిని పర్మనెంటు చేశారు. పోస్టు పేరు 'జయస్థల రక్షకుడు'.

పావుగంటకే కొండ మళ్లీ మండిందని మాకు తెలుసు. ఆకాశంలో కన్నుకు తెలియదు. అదీ సీజను కూలీయేనట, అక్టోబరు ముప్పై ఒకటిన ఉత్సవంతోనే దాని ఒప్పందం అయిపోయింది.

ఆ వారమే శాఖవాళ్లు వచ్చి పెనాలను చరిత్రాత్మక వస్తువుల జాబితాలో చేర్చారు. జెలిహా పెనాన్ని కూడా ఇంటికి వచ్చి రసీదు ఇచ్చి పట్టుకెళ్లారు. అన్నిటినీ మళ్లీ బోర్లించి, నంబర్లు వేసి, తాడు కట్టి, ఒక్కొక్క దానికి సీసం ముద్ర కొట్టారు. సీసం కరగబెట్టడానికి వంకాయ మంటల్లో ఒకటి చివరిదాకా మూయకుండా వాడుకున్నారు. ఫెరిదే మేడమ్ అది చూసి ఏదో అనబోయి, కుంచె జేబులో పెట్టుకుంది.

నవంబరు మధ్యలో తొలి వాన పడిన మర్నాడు, దురాలి కొత్త కోటు వేసుకుని తాడు పక్కన నిలబడి ఉండగా జెలిహా కొండెక్కి వచ్చింది. ఒక చేతిలో పిండి సంచి, ఇంకో చేతిలో టీ కెటిల్.

"నా పెనం ఇవ్వు. ఐదున్నర నెలలైంది రొట్టె కాల్చి."

దురాలి కనుబొమలు ఎగరేశాడు.

"సీజను అయ్యాక ఇస్తామన్నారు."

"అది పెనం కాదు. ముప్పై ఒకటో నంబరు."

"అడుగున చూడు. మూడు గీతలు, ఒక చుక్క. మా అమ్మ గుర్తు."

"చూడటానికి తిప్పాలి. తిప్పితే ముద్ర తెగుద్ది."

జెలిహా తాడు దాటి లోపలికి వచ్చింది. దురాలి గొర్రె బొచ్చు కోటు లోపలి జేబులోంచి ఫారం తీసి, రాయి మీద కూర్చుని మోకాలి మీద పెట్టుకుని, పెన్ను నోటితో తడిపాడు.

"పేరు?" అన్నాడు.

"ముప్పై ఏళ్లుగా ఏమని పిలుస్తున్నావయ్యా?"

"పిల్చింది తక్కువ," అన్నాడు దురాలి. "గడిలో అడగమని ఉంది."

ఆమె పెనం జోలికి పోలేదు. ముప్పై ఒకటో నంబరు పక్కన, కొత్తగా పగిలిన రాతి సందులోంచి జానెడు మంట వస్తోంది. దాని మీద కెటిల్ పెట్టి గొంతుక్కూర్చుంది. ఇద్దరూ నీళ్లు కాగే చప్పుడు విన్నారు. టీ కాచి, సన్నటి గ్లాసులో పోసి, చక్కెర వేసి కలిపి ఇచ్చింది.

"ముందిది తాగి రాసుకో. చలిగా ఉంది."

దురాలి గ్లాసు అందుకోబోతుండగా రేడియో పలికింది. చలికాలం కాబట్టి ఇప్పుడు రోజుకొక్కసారే అడుగుతున్నారు.

"నాలుగు, నాలుగు. మంట ఉందా?"

దురాలి ముందు కనుబొమలు ఎగరేశాడు. రేడియోకి కళ్లు లేవని గుర్తొచ్చి, మీట నొక్కాడు.

"నాలుగు. మంట లేదు," అని, టీ మరిగే కెటిల్ వైపు కాళ్లు చాపుకుని, గ్లాసు అందుకున్నాడు.